పలక కింద ఇసుక

"పడేముందు మీకేం చప్పుడు వినిపించిందండీ?"

డిటెక్టివ్ సువర్ణరాజు అడిగిన మొదటి ప్రశ్నకే మంచం మీది రాఘవయ్య మొహం మాడ్చుకున్నాడు. నూజివీడు మామిడి వర్తకుల్లో ఆయన మాటంటే మాటే. అలాంటి మనిషి సోమవారం పొద్దుటినుంచీ నర్సింగ్ హోమ్‌లో వెల్లకిలా పడి ఉన్నాడు. విరిగిన తొడ ఎముక కుదురుకోవాలని డాక్టరు ఆయన కాలికి తాడు కట్టి, కప్పీ మీదుగా దించి, కొసన ఇటుకలు వేలాడదీశాడు.

"చప్పుడేంటండీ చప్పుడు! ఏరు దాటించే తాడు తొట్టిలో కూచుని మధ్యదాకా వచ్చాను. ఉన్నట్టుండి కాళ్ళకింద ఏమీ లేదు. కళ్ళు తెరిచేసరికి బండల మధ్య ఉన్నాను. తాడు తెగలేదుట, స్తంభం విరగలేదుట. గట్టుమీద పాతిన లంగరే ఊడొచ్చిందిట. దాన్ని పాతిందెవరు? చిన్నప్ప. నలుగురిలో నాచేత చివాట్లు తిన్నదెవరు? చిన్నప్ప. ఇంకా అడిగేదేముందండీ?"

సువర్ణరాజుకు అడిగేది చాలానే ఉంది. ఫిట్టర్ చిన్నప్ప ఇప్పుడు లాకప్‌లో ఉన్నాడు. హత్యాప్రయత్నం కేసు. మధ్యాహ్నం మూడింటికి మేజిస్ట్రేటు ముందు పెడతారు. అతని భార్య సవరమ్మ నిన్న బెజవాడ దాకా వచ్చి, డిటెక్టివ్ ఆఫీసు మెట్లమీద కూర్చుని, "మా ఆయన కోపిష్టే గానీ మనిషిని చంపేవాడు కాదయ్యా" అని ఒకే మాట పదేపదే చెప్పింది. ఆమె కన్నీళ్ళకు మనసు కరిగిన మాట నిజమే. కానీ సువర్ణరాజును అప్పటికప్పుడు బస్సెక్కించింది ఇంకో సంగతి. ఇసుకలో ఆరడుగుల లోతున పాతిన ఉక్కు పలక ఒక్క మనిషి బరువుకే పైకొచ్చేసిందిట! సైన్యంలో ఇంజనీరింగ్ దళంలో పద్దెనిమిదేళ్ళు చాకిరీ చేసి వచ్చిన మనిషికి ఆ మాట ఎంత మింగినా గొంతు దిగలేదు.

తమ్మిలేటి అవతలి గట్టున రాఘవయ్య తోటలున్నాయి. అటు లారీ పోయే దారి లేదు. అందుకని ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఉక్కు తాడు కట్టి, దానిమీద తొట్టి నడుపుతూ కాయల బుట్టలు ఇవతలికి దాటిస్తారు. తాడు అవతలి కొస కొండరాతికి కట్టి ఉంది. ఇవతలి కొస స్తంభం మీదుగా కిందికి దిగి, ఇసుకలో పాతిన లంగరు పలకకు తగులుకుంటుంది. దాన్ని చిన్నప్ప జనవరిలో పాతాడు.

"పలక పాతేటప్పుడు మీరు దగ్గరున్నారా?"

"లేను. అప్పుడు ఢిల్లీలో ఉన్నా. ఉంటే అట్లా పాతనిచ్చేవాణ్ణా? ఇంకో రెండడుగులు తవ్వితే గులకరాళ్ళు తగిలేవి. గట్టి నేల! దానిమీద పెట్టకుండా ఉత్త ఇసకలో పాతాడు వెధవ."

"గులకరాళ్ళున్నాయని మీకెవరు చెప్పారండీ?"

రాఘవయ్య ఒక్క క్షణం రెప్ప వెయ్యలేదు. "ఏటి గట్టు కదండీ. ఎక్కడ తవ్వినా ఉంటాయి."

మంచం పక్కన బత్తాయి ఒలుస్తున్న ఆయన భార్య హైమవతి నిట్టూర్చింది. "రామకృష్ణ అన్నయ్యగారైనా ఊళ్ళో ఉంటే బాగుండేది. గురువారం నాడు లారీతో నాగపూరు పోయారుట. వెళ్ళేముందు మాకు చెప్పనన్నా చెప్పలేదు. ఈయనకింత జరిగితే ఒక్క ఫోనన్నా లేదు."

"ఎవరండీ ఆయన?"

"మావారి భాగస్థులండీ. ఆ తోటలన్నీ ఇద్దరివీ కలిపే. ఈ ఏడు విడిపోదామని..."

"హైమా!" రాఘవయ్య గొంతు గదంతా మోగింది. "ఆయనకి కాఫీ తెప్పించు."

ఆమె మళ్ళీ బత్తాయి అందుకుంది. సువర్ణరాజు కాఫీ వద్దని లేచాడు.

* * *

తమ్మిలేటి గట్టున సర్కిల్ ఇన్‌స్పెక్టర్ పెద్దిరాజు జీపుకానుకుని నిలబడి ఉన్నాడు. సువర్ణరాజును చూడగానే లాఠీతో తన బూటుమీద తనే ఒకటి కొట్టుకున్నాడు. పోయినేడు ఒక దోపిడీ కేసులో ఆయన పట్టుకున్న ముద్దాయి నిర్దోషి అని కోర్టులో తేల్చింది ఈ డిటెక్టివే. ఆ మంట ఇంకా చల్లారలేదు.

"రండి రండి! ఇంకా రాలేదేంటా అనుకుంటున్నా. ఈసారి మాత్రం మీ పప్పులుడకవండీ. పలక సరిగ్గా పాతలేదు. ఊడింది. పాతినవాడు లోపలున్నాడు. అయిపోయింది."

"ఈ నెల మొదట్లో ట్రయల్ వేసినప్పుడు ఇరవై బుట్టలు ఒక్కసారే దాటించారుట. అప్పుడు ఊడని పలక ఒక్క రాఘవయ్యగారికి ఊడిందా?"

"అప్పుడు గట్టిగా ఉంది, తర్వాత వదులైంది."

"తనంతట తనే వదులవుతుందా ఇసక? రోజులు గడిచేకొద్దీ దిగి గట్టిపడాలిగానీ?"

సువర్ణరాజు గోతి పక్కన మోకాళ్ళమీద కూర్చున్నాడు. ఊడొచ్చిన పలక, దానికి బిగించిన పొడవాటి కడ్డీ ఓ పక్కన పడి ఉన్నాయి. లోపల సగం ఇసుక మళ్ళీ జారి నిండింది గానీ, గోతి అంచులు చాకుతో కోసినట్టు నాలుగు వైపులా తిన్నగా ఉన్నాయి. ఆ అంచుకు జానెడు దూరంలో మేక గిట్టల గుర్తులు! ఎండి బిగిసి, ఒక్క బీటైనా లేకుండా!

సువర్ణరాజు చేతులు రుద్దుకున్నాడు. సంతోషంతో! ఏ కేసులోనైనా ఈ క్షణం కోసమే అతను తిండీ నిద్రా మానుకునేది.

"సీఐగారూ, ఇటు రండి. దిమ్మిస కొట్టిన ఇసకలోంచి పలకను లాగితే అది ఒక్కతే రాదండీ. నెత్తిమీదున్న ఇసకనంతా మోసుకుంటూ రావాలి. ఆ ఇసక పక్కనున్న ఇసకను పట్టుకుంటుంది, అది దాని పక్కదాన్ని. పైకొచ్చేకొద్దీ గరాటాలాగా వెడల్పవుతుంది. ఇంత మేర నేల ఉబ్బుతుంది, చుట్టూ వలయంలాగా బీటలిస్తుంది." రెండు చేతులూ బారచాచి చూపించాడు. "ఇక్కడ ఒక్క బీటైనా ఉందా? మేక అడుగులన్నా చెదిరాయా? సందులోంచి పిల్లి దూరినట్టు పలక తిన్నగా పైకొచ్చింది."

"ఈ చదువెక్కడ చదివారండీ?"

"డెబ్భై ఒకటిలో, రాజస్థాన్ ఎడారిలో. ఇసకలో దిగబడ్డ లారీని లాగాలంటే తాడు కట్టడానికి అక్కడ చెట్టుండదు. స్టెప్నీ టైరును లోతుగా పాతి, మీద ఇసక పోసి తొక్కి, దానికి కట్టి లాగేవాళ్ళం. టైరు కదిలేది కాదు, లారీ కదిలేది. తొక్కడానికి బద్ధకించిన రోజు మాత్రం టైరే ఎగిరొచ్చి మా మీద పడేది."

"కథలు బాగా చెప్తారు."

"కథ కాదని మీ చేత్తోనే చూడండి."

పాకలో రెండు బక్కెట్లు, రెండు డబ్బామూతలు దొరికాయి. సువర్ణరాజు ఒక్కో మూతకు తీగ కట్టి ఒక్కో బక్కెట్టు అడుగున పెట్టాడు. ఒకదానిలో ఇసుక ఊరికే పోశాడు. రెండోదానిలో పిడికెడు పిడికెడు పోస్తూ కర్రతో కూరాడు. రెండూ అంచుదాకా నిండాయి. పైకి చూస్తే ఏ తేడా లేదు.

"లాగండి."

పెద్దిరాజు మొదటి తీగను ఒక్క వేలితో లాగాడు. మూత సునాయాసంగా పైకొచ్చేసింది. రెండో తీగ లాగాడు. రాలేదు. చెయ్యంతా పెట్టి లాగాడు. బక్కెట్టుకు బక్కెట్టే నేలమీంచి లేచింది! మూత మాత్రం జరగలేదు. కానిస్టేబుళ్ళు కిసుక్కుమన్నారు. సీఐ వాళ్ళవైపు ఉరిమి చూసి బక్కెట్టు దించాడు.

"సరే. ఎవడో పలక మీది ఇసక తవ్వి, తొక్కకుండా పూడ్చాడంటారు. తాడు బరువుకు ఆగింది. మనిషెక్కి ఏటి మధ్యకి పోయేసరికి తాడు బిగిసి లాగేసింది. అంతేగా? ఆ ఎవడో చిన్నప్పే ఎందుకు కాకూడదు?"

ప్రశ్న బాగుంది. సువర్ణరాజు లోలోపల మెచ్చుకున్నాడు.

"గురువారం సాయంత్రం దాకా బుట్టలు దాటాయి. మర్నాడు గుడ్ ఫ్రైడే. కూలీలందరూ చర్చిలో ఉన్నారు, చిన్నప్పతో సహా. అట్నుంచటే పెళ్ళాం బిడ్డలతో విస్సన్నపేట అత్తారింటికి పోయాడు. ఈస్టర్ ఆరాధన అయ్యాక ఆదివారం రాత్రి బస్సుకొచ్చాడు. పొద్దున పాస్టర్‌గారిని అడిగే వచ్చాను. మరి ఆ మూడు రోజులూ ఇక్కడెవరున్నారు?"

పాక నీడలో నిలబడ్డ మనిషి గొంతు సవరించుకున్నాడు. రాఘవయ్య తోటల వ్యవహారం చూసే బసవపున్నారావు. భారీ మనిషి, మెళ్ళో తువ్వాలు.

"నేనేనండీ కాపలా. ఇక్కడికి పురుగన్నా రాలేదు."

"మీరు నిద్రపోలేదా?"

"కోతల రోజుల్లో నిద్రేంటండీ? పాకలోనే ఉన్నా. రెప్ప వాలిస్తే ఒట్టు."

"అంటే ఎవడో మీ కళ్ళెదురుగానే ఆరడుగుల గొయ్యి తవ్వి పూడ్చి పోయాడన్నమాట!"

బసవపున్నారావు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. ఏదో అనబోయి, "అయితే కాసేపు కునుకు పట్టిందేమోనండీ" అన్నాడు. పెద్దిరాజు అతనివైపు మొదటిసారి పోలీసు చూపు చూశాడు.

* * *

గోతిలో జారిన ఇసుకను తోడించారు. కడ్డీకి తారు పూసిన మేరంతా నేలలో ఉండేదని పొద్దున లాకప్‌లో చిన్నప్ప చెప్పాడు. ఆ కొలత ప్రకారం పలక కూర్చున్న చోటుదాకా తవ్వేసరికి సూర్యుడు నడినెత్తి దాటాడు. లోపల ఇసుక తేమగా ఉండటంతో గోడలు నిలబడ్డాయి.

"అంచుకెవరూ రాకండి. ఈ గోడలు మన మొహం చూసి నిలబడ్డాయి, బలం ఉండి కాదు," అని హెచ్చరించి సువర్ణరాజు గునపంతో కిందికి దిగాడు.

పలక కింది ఇసుకను జనవరిలో కూడా ఎవరూ కదిలించలేదు. అది రాయిలా ఉండాలి. అతను గునపం నిలబెట్టి, చెయ్యి వదిలాడు.

వెన్నలో చాకు దిగినట్టు గునపం తన బరువుకు తనే దిగిపోయింది.

సువర్ణరాజు దాన్ని పైకి లాగాడు. మళ్ళీ అడుగు పక్కన గుచ్చాడు. దిగింది. ఇంకో చోట గుచ్చాడు. ఠంగుమని ఆగింది. గుచ్చుకుంటూ పోతే మెత్తని ఇసుక ఆకారం నేలమీద గీత గీసినట్టు తేలింది. మనిషి పొడవు. మనిషి వెడల్పు.

"సీఐగారూ!" అతను తలెత్తి కేకేశాడు. "పలకను ఊడగొట్టాలనుకునేవాడు పలక మీది ఇసక తవ్వుతాడు. పలక కిందికి ఎందుకు తవ్వుతాడండీ?"

సువర్ణరాజు రెండు చేతులా ఇసుక తోడాడు. ఇసుకలో కలిసి నున్నటి గులకరాళ్ళు రావటం మొదలయ్యాయి. ఒకటి తీసి పైకి విసిరాడు.

"రెండడుగుల కింద గులకరాళ్ళున్నాయని పొద్దున రాఘవయ్యగారు చెప్పారు. పలక పాతిననాడు ఆయన ఢిల్లీలో ఉన్నారు. పలక ఎత్తి, దాని కింద తవ్వినవాడికి తప్ప ఆ మాట తెలిసే దారి లేదు!"

"ఆయన తవ్వాడా? తవ్వినవాడు మళ్ళీ ఆ తొట్టిలోనే ఎక్కుతాడా?"

"ఎందుకెక్కడండీ? పలక మళ్ళీ అంతే లోతున పెట్టాడు. అంత ఉక్కు, అంత లోతు, ఇంకేం భయం అనుకున్నాడు. పట్టుకునేది పలక కాదు, తొక్కి బిగించిన ఇసక అని ఆయనకు తెలీదు. ఆయనను ఎవరూ చంపబోలేదు. తను కప్పెట్టినదే తనను పడేసింది!"

అతని వేళ్ళకు మెత్తగా ఏదో తగిలింది. ఒక చెయ్యి. నల్లబడ్డ వేలికి పగడపుటుంగరం.

పైనున్న కూలీల్లో ఒకడు కెవ్వుమన్నాడు. "రామకృష్ణగారి ఉంగరం! నాగపూరు పోయారన్నారు గదయ్యా!"

అంతలో పైన, పాక పక్కన ఆగి ఉన్న కాయల ట్రాక్టరు స్టార్టయిన చప్పుడు.

తలెత్తేలోపే గోతి అంచున నల్లటి వెనక చక్రం కనిపించింది. స్టీరింగ్ మీద బసవపున్నారావు! "ఆపరా!" అని పెద్దిరాజు అరిచాడు. చక్రం ఇంకో జానెడు వెనక్కి దొర్లింది. గోడ గోడంతా ఒక్క ఊపున విరిగి పడింది.

చీకటి. బరువు. నోట్లో ఇసుక. సువర్ణరాజు గడ్డం పైకెత్తి గాలి పీల్చాడు. అదృష్టం, తల పైనే ఉంది. భుజాల దాకా కూరుకుపోయాడు. ఒక చెయ్యి మాత్రం బయట ఉంది. ఊపిరి వదిలిన ప్రతిసారీ ఇసుక ఛాతీ చుట్టూ ఒక చుట్టు బిగించినట్టు సర్దుకుంటోంది. తిరిగి పీల్చటానికి అంత చోటు మిగలటం లేదు.

పైన మోటార్‌సైకిల్ ఎగదన్నిన చప్పుడు వినిపించింది. బసవపున్నారావు ట్రాక్టరు మీంచి దూకి పారిపోతున్నాడు. పెద్దిరాజు రివాల్వర్ తీసి రెండడుగులు పరిగెత్తాడు. వెనక్కి తిరిగి గోతిలోకి చూశాడు. రివాల్వర్ ఒరలో తోసి, దబ్బున గోతిలోకి దూకాడు.

"తాడు వెయ్యండ్రా! చంక కింద కట్టండి! లాగండి!"

నలుగురు లాగారు. సువర్ణరాజు భుజం కీలు విరిగిపోతున్నట్టు అరిచాడు. ఒళ్ళు మాత్రం వెంట్రుకవాసి కదల్లేదు.

"ఆపండి... లాగకండి! నేనిప్పుడు లంగరు పలకనండీ! పైకి రాను, తెగిపోతాను. తవ్వండి... పెట్టెల చెక్కలు చుట్టూ దిగ్గొట్టి... లోపలిది తోడండి..."

పెద్దిరాజు ఇంకో మాట అడగలేదు. ట్రాక్టరు మీది చెక్కపెట్టెలు విరగ్గొట్టి ఆ చెక్కలు సువర్ణరాజు చుట్టూ దడిలా దిగ్గొట్టించాడు. పైనుంచి జారే ఇసుక చెక్కల దగ్గర ఆగింది. సీఐ తన టోపీతోనే లోపలి ఇసుక తోడటం మొదలుపెట్టాడు. గోళ్ళు విరిగి రక్తం కారుతున్నా ఆగలేదు. ఛాతీ తేలింది. నడుం తేలింది. మోకాళ్ళు తేలేసరికి సువర్ణరాజు తనే ఒక కాలు పీక్కున్నాడు.

ఇద్దరూ గట్టుమీద పక్కపక్కనే పడి రొప్పారు.

"వాణ్ణి పట్టుకోవాల్సింది మీరు," అన్నాడు సువర్ణరాజు దగ్గుతూ.

"నోర్మూసుకోండి," అన్నాడు పెద్దిరాజు. టోపీలో ఇసుక దులుపుతూ, "చిన్నప్పను వదిలేస్తున్నా. ఆ ముక్క సవరమ్మకు మీరే చెప్పుకోండి," అన్నాడు.

"వాడెటు పోయాడు?"

"నూజివీడు వైపు. వెర్రివెధవ! ఏలూరు రోడ్డెక్కితే ఈపాటికి జిల్లా దాటేవాడు."

సువర్ణరాజు గభాల్న లేచి కూర్చున్నాడు. "వెర్రివాడు కాదండీ! అంత పలకను ఎత్తాలంటే ఇద్దరు కావాలి. శవాన్ని పాతింది వీడే అని చెప్పగలిగిన మనిషి లోకంలో ఒక్కడే ఉన్నాడు. రాఘవయ్య! నర్సింగ్ హోమ్‌లో కాపలా ఎవరు?"

పెద్దిరాజు జీపు తాళాల కోసం జేబు తడుముకున్నాడు. "తవ్వడానికి చాలరని... అక్కడి కానిస్టేబుల్ని కూడా ఇక్కడికే పిలిపించా."

జీపు ఎగిరెగిరి పడుతూ ముసునూరు పోస్టాఫీసు ముందు ఆగింది. పెద్దిరాజు పోస్టుమాస్టరును పక్కకు తోసి ఫోనందుకున్నాడు. నంబరు చెప్పాడు. రిసీవర్ సువర్ణరాజు లాక్కున్నాడు.

అవతల గంట మోగుతోంది. మోగుతూనే ఉంది. ఎవరో ఎత్తారు.

"హలో! సిస్టరేనా? రాఘవయ్యగారి గది తలుపు వెంటనే లోపలినుంచి గడియ వెయ్యమనండి! హలో?"

దూరంగా, రాఘవయ్య కాలికి వేలాడే ఇటుకలు నేలమీద దభేలున పడ్డ చప్పుడు, ఆ వెంటనే హైమవతి కేక వినిపించాయి. తర్వాత అడుగుల చప్పుడు, ఎవరో రిసీవర్ లాక్కున్న గరగర. సువర్ణరాజు మళ్ళీ "హలో!" అన్నాడు. బాగా దగ్గరగా, పరిగెత్తి వచ్చిన మనిషి ఊపిరి.

"గోతిలోంచి అప్పుడే లేచారా సార్?" అన్నాడు బసవపున్నారావు.